చెద్దర్ల ఫోటో

12 ఫిబ్రవరి 1979, సోమవారం

రఘునాథ్ సార్ ఆఫీసులో చేరి ఎల్లుండికి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో నేను వెలగబెట్టిన వకాలత్ ఏమిటంటే వాయిదాలు అడగడం. మానుకోట కోర్టులో వాయిదా అడగడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇక్కడ నల్లకోటు వేసుకున్న ఆడది నేనొక్కదాన్నే కాబట్టి లేచి నిలబడితే అందరూ చూస్తారు. కూర్చోగానే మరిచిపోతారు.

ఇవాళ సార్ ఒక కట్ట నా బల్ల మీద పడేశాడు. తెల్లదారం కట్ట. మా ఆఫీసులో ఫీజు కేసులకు ఎర్రదారం, ఫీజు లేనివాటికి తెల్లదారం. వాటిని ధర్మం కట్టలంటారు. గుమాస్తా లక్ష్మీకాంతన్న పొద్దున్నే ఎర్రవి పైన, తెల్లవి అడుగున పేరుస్తాడు. సాయంత్రం దాకా అడుగుది పైకి రాదు. ధర్మం కట్టల మీద సార్ సంతకం కూడా పెట్టడు, వకాలత్‌నామా జూనియర్ పేరు మీదే ఉంటుంది.

"తండా కేసు సరళా. నువ్వే చూస్కో. అందరు తప్పు ఒప్పుకొని జుర్మానా కట్టి పోతరు. పెద్ద పనేం లేదు" అన్నాడు.

అంటే నాకు తగిన పని అన్నమాట. మధుకర్ అన్నయ్య ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగం మాట్లాడి పెట్టాడట. ఉగాదికి వెళ్ళిపోతాను. అయిపోయింది, ఇక ఆలోచించేది లేదు.

14 ఫిబ్రవరి

తండావాళ్ళు వచ్చారు. కొత్తగూడ అడవి అంచున ఉంటుంది వాళ్ళ తండా. ముందు తండా పెద్ద, నాయక్ తావుర్యా, తెల్లటి తలపాగా, తక్కువ మాట. వెనక సీతాబాయి. యాభై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా గాజులు, ఆఫీసులో కుర్చీ చూపిస్తే నేల మీదే కూర్చుంది.

తొమ్మిదిమంది మీద కేసు. ఈ నాలుగేళ్ళలో అడవి నరికి పొలాలు చేసుకున్నారని ఫారెస్టువాళ్ళ మాట. సీతాబాయికి జంటగుండ్లనే రెండు బండల కింద మూడెకరాల జొన్నచేను ఉంది, మిగతావాళ్ళవీ దాన్ని ఆనుకునే. వాళ్ళత్త రుక్కి కాపురానికి వచ్చిననాటి నుంచి దున్నుతున్నామంటుంది. రుక్కి ఇంకా బతికే ఉంది కానీ కళ్ళు ఆనవు, మతి కుదురుగా లేదు, సాక్ష్యానికి పనికిరాదు.

జుర్మానా చిన్నదే. కానీ ఒప్పుకుంటే ఆ నేల అడవి అని వాళ్ళ నోటితోనే చెప్పినట్టు. వానలు పడగానే చుట్టూ కందకం తవ్వి నీలగిరి మొక్కలు పెట్టేస్తారు. రెండేళ్ళ కింద జాల్యా అనే అతను ఇట్లాగే ఒప్పుకున్నాడు. ఇప్పుడు అతని చేనులో నీలగిరి చెట్లున్నాయి, అతను పట్నంలో మట్టి మోస్తున్నాడు.

"నేరం ఒప్పుకుంటవా అని అడుగుతరు. ఒప్పుకోను అనాలె. అను" అన్నాను.

"ఒప్పుకోను" అంది సీతాబాయి. పదిసార్లు అనిపించాను. చివర్లో నవ్వింది కూడా.

ఆఫీసు గోడ నిండా సార్ ఫోటోలే. వాళ్ళమ్మ పేరు మీద ఏటా డిసెంబరులో తండాలలో చెద్దర్లు పంచుతాడు, పంచినప్పుడల్లా ఫోటో. పద్నాలుగు ఫ్రేములు, పద్నాలుగు నవ్వులు. రోజూ వాటి కిందే కూర్చుంటాను, తలెత్తి చూడబుద్ధి కాదు.

26 ఫిబ్రవరి

ఒప్పుకుంది.

తొమ్మిదిమందీ ఒప్పుకున్నారు.

మెజిస్ట్రేట్ గారు నేరం చదివి "ఒప్పుకుంటారా?" అని అడగ్గానే సీతాబాయి రెండు చేతులూ జోడించి "ఔ సారూ, తప్పైంది" అంది. వెనక ఎనిమిదిమందీ వరసగా అదే మాట. నేను లేచి నిలబడ్డాను. వెనక బెంచీలో ఎవరో "వకీలమ్మ మస్తు తయారు చేసింది" అంటే అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది.

మెజిస్ట్రేట్ గారు మాత్రం ముసలివాళ్ళను చూసి వెంటనే జుర్మానా వేయలేదు. ఉత్తర్వుకు మార్చి తొమ్మిదో తారీఖు వేశారు.

వరండాలో సీతాబాయి మీద అరిచాను. "పదిసార్లు చెప్పించిన గద! ఏమైంది నీకు? భూమి పోతది, తెలుస్తుందా?"

"గంత పెద్దమనిషి అడిగిండు బిడ్డా. మొకం మీద కాదని ఎట్లంటం?"

నేను వినకుండా వచ్చేశాను. మెట్ల దగ్గర మలుపులో చూస్తే, నాకు తాగడానికని తెచ్చిన మజ్జిగ చెంబు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది.

27 ఫిబ్రవరి

తలనొప్పి. కోర్టుకు పోలేదు.

28 ఫిబ్రవరి

తలనొప్పి లేదు. నిన్న కూడా లేదు. అన్నయ్యకు వస్తున్నానని ఉత్తరం రాశాను. కవరు మీద అంటించడానికి తపాలా బిళ్ళ లేదు.

4 మార్చి, ఆదివారం

ఎందుకు పోయానో నాకే తెలియదు. ఆ మజ్జిగ చెంబు వల్ల కావచ్చు. బస్సు దిగి రెండు కోసులు నడిచి తండాకు పోయాను.

అప్పుడే పంచాయితీ నడుస్తోంది. అమర్‌సింగ్ అనే అతని మేక ఎవరిదో మిరపతోట మేసిందట. తావుర్యా "ఏందిరా అమర్‌సింగ్" అనగానే అతను లేచి, చేతులు జోడించి, తప్పు నాదే అన్నాడు. అందరూ తలలూపారు. అతనికి నీళ్ళిచ్చారు, చుట్ట ఇచ్చారు, నాయక్ పక్కన కూర్చోబెట్టారు. సరే అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాడు మహానుభావుడు. గంటసేపు! ఆ మేక తనది కాదని, తన మేకకు చెవి కోసి ఉంటుందని, ఆ రోజు తను ఊళ్ళోనే లేడని. మేకను తెప్పించారు, చెవి చూశారు. తావుర్యా చివరికి అమర్‌సింగ్ తప్పేమీ లేదని తీర్పు చెప్పాడు.

పక్కనున్న సీతాబాయి నాకు ముక్క ముక్కా తెలుగులో చెబుతూనే ఉంది. నేను నోరు వెళ్ళబెట్టి కూర్చున్నాను.

"ముందుగాల ఒప్పుకున్నడు గద నాయక్!" అన్నాను.

"ఒప్పుకోకుంటె కూసునేదెట్ల? మాట్లాడేదెట్ల?" అన్నాడు తావుర్యా, నాకింత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "పెద్దోని ముంగట ముందుగాల తల వంచాలె. అటెన్క అసలు ముచ్చట. వచ్చుడు వచ్చుడే కాదన్నోని ముచ్చట మా తండల ఎవ్వడు ఇనడు. కచ్చీరుల మేం తల వంచినం. అటెన్క అడుగుతరని సూసినం. ఎవ్వలు అడగలే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సీతాబాయి చెయ్యి పట్టుకుని తప్పు నాదే అన్నాను. ఆమె నాకు చెంబెడు నీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

9 మార్చి, శుక్రవారం

రాయాలి, అంతా రాయాలి, ఒక్క మాట పోకూడదు.

ఒప్పుకోలును రద్దు చేయమని అర్జీ పెట్టాను. సర్కారు వకీలు లేచి "నేరం స్పష్టంగా ఒప్పుకున్నారు, వకీలమ్మ ఓర్చుకోలేక కథలు చెబుతోంది" అన్నాడు. వెనక మళ్ళీ నవ్వులు. నేను కూర్చోలేదు.

"నా మాట వినొద్దు సార్. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి. ఏం తప్పు చేశావని అడగండి. అంతే" అన్నాను.

మెజిస్ట్రేట్ గారిది కృష్ణా జిల్లా. మా భాష వింటే ఆయన పెదవి కొంచెం వంకర పోతుంది. కానీ మంచి చెవి ఉన్న మనిషి.

"ఏమ్మా సీతాబాయ్, ఏం తప్పు చేశావు నువ్వు?"

సీతాబాయి ముఖం వెలిగిపోయింది. ఎవరో ఒకరు అడిగారు కదా!

"మస్తున్నయి సారూ. ఆ దినం బస్సు దొర్కక నేను ఆలస్యం జేసిన, మీరు నాకోసం ఎదురు జూసిన్రు, గది తప్పే. గార్డు సారు మా ఇంటికి వస్తె కోపంల నీల్లియ్యలే, గది పెద్ద తప్పు. మా మేక ఆయన చిక్కుడుపాదు తిన్నది, గదీ తప్పే."

"చెట్లు? చెట్లు నరికావా?"

"చెట్లేడియి సారూ? మా అత్తనాటి సంది జొన్నలే. జొన్న కోసిన. జొన్న కోసుడు తప్పా?"

కోర్టు హాలంతా గొల్లుమంది. ఈసారి నవ్వు నా మీద కాదు. మెజిస్ట్రేట్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నవ్వు దాచుకోవడానికే. తొమ్మిదిమంది ఒప్పుకోలూ రద్దు! కేసు విచారణకు!

వరండాలోకి వచ్చాక కాళ్ళు నేల మీద ఆనలేదు. లక్ష్మీకాంతన్న నా చేతిలో కట్ట తీసుకుని మోశాడు. రెండేళ్ళలో మొదటిసారి.

28 మార్చి, ఉగాది

వెళ్ళలేదు. విచారణ తేదీ ఏప్రిల్‌లో పడింది, మధ్యలో వదిలేస్తే బాగుండదు. అది అయిపోగానే వెళ్తాను.

17 ఏప్రిల్

ఫారెస్టు గార్డు సాక్ష్యం చెప్పాడు. చెడ్డవాడేం కాదు. మూడేళ్ళ కిందట ఇక్కడికి బదిలీ అయి వచ్చాడు. అంతకుముందు అది చిక్కటి అడవి అని పైవాళ్ళు రాసి ఇచ్చిన కాగితం చదివాడు. నా దగ్గర ఏ కాగితం ఉంది? రెవెన్యూవాళ్ళ పహాణిలో తండావాళ్ళ పేరు ఒక్కటీ ఎక్కించలేదు. తావుర్యా సాక్ష్యం చెబితే నీ మనుషులే కదా అంటారు. నాలుగేళ్ళకు ముందు అక్కడ చేను ఉండేదని బయటి మనిషి ఎవరు చెప్పాలి? వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ఇంకా యాభై రోజులే.

మొన్నటి గెలుపు గాలి దిగిపోయింది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

19 ఏప్రిల్

సీతాబాయి వేలిముద్ర వేయడానికి ఆఫీసుకు వచ్చింది. వేలికి అంటిన సిరా తుడుచుకుంటూ తలెత్తి గోడ వైపు చూసింది. ఒక్క కేక పెట్టింది.

"మా అత్త!"

ఎడమ నుంచి నాలుగో ఫ్రేము. సార్ నవ్వు పక్కన ఒక పొడుగాటి మనిషి, భుజాల మీద చారల చెద్దరు. రుక్కి. ఆమె వెనకాల, రెండేళ్ళుగా నేను చూడని వెనకాల, కోసిన జొన్న మోళ్ళు, గూళ్ళుగా నిలబెట్టిన చొప్పకట్టలు, వాటి పైన రెండు గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని. కుర్చీ ఎక్కి ఫ్రేము దించాను. వెనక స్టూడియో ముద్ర, తారీఖు: 14 డిసెంబరు 1969.

పదేళ్ళు! తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడు. బళ్ళు బంద్, కోర్టులు బంద్, సార్‌కు ఎక్కడలేని తీరిక దొరికి తండాలు తిరిగాడు. నేను సీతాబాయిని కావలించుకుని గిర్రున తిప్పేశాను. ఇద్దరి గాజులూ గలగల. రోజూ సార్ పళ్ళు చూసి వెక్కిరించుకున్నానే కానీ ఒక్కనాడైనా ఆయన వెనకేముందో చూశానా?

సీతాబాయి ఫోటోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ మెల్లగా అంది. "గీ చెద్దరు మా అత్త ఒక్క పొద్దు గూడ కప్పుకోలే బిడ్డా. ఫోటో దిగినంక మల్ల తీస్కున్నరు."

ఐదో ఫ్రేము చూశాను. అదే తారీఖు, ఇంకో తండా, ఇంకో ముసలమ్మ. అదే చారల చెద్దరు, అంచున అదే మాసిక.

20 ఏప్రిల్

సార్‌ను సాక్ష్యం చెప్పమని అడిగాను. వకాలత్‌నామాలో ఆయన పేరు లేదు కాబట్టి అడ్డం లేదు. ధర్మం కట్ట అని సంతకం పెట్టకపోవడమే ఇవాళ అక్కరకొచ్చింది.

"ముప్పై ఏండ్ల వకీలును. నేను బోనెక్కాల్నా?" అని గదమాయించాడు.

"మీరు తప్ప ఎవరు చెప్తరు సార్, ఆ ఫోటో ఎక్కడ తీసిన్రో?"

"ఫోటో చూపియ్యి, చాలు."

"ఐదో ఫ్రేము కూడా గోడ మీదనే ఉంది సార్. సర్కారు వకీలు మన ఆఫీసుకు చాయ్‌కి వస్తనే ఉంటడు. ఒక్క చెద్దరు రెండుచోట్ల ఎందుకుందని అడిగితె ఫోటో చెప్పది, మీరే చెప్పాలె."

ఆయన ముఖం చూడలేకపోయాను. కిటికీ వైపు తిరిగాడు. నాకు కోపం, జాలి రెండూ కలిగాయి. జాలి ఎక్కువ కలిగిందని ఒప్పుకోవాలంటే కష్టంగా ఉంది.

2 మే

సార్ ఆఫీసుకు రావడం లేదు. జ్వరమట.

10 మే

రేపే. సార్ వస్తాడో రాడో. జ్వరాల సంగతి నాకు తెలియనిది కాదు.

11 మే, శుక్రవారం

వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, కోటు లేకుండా. మామూలు మనిషిలా బోనెక్కాడు.

నా సొంత సీనియర్‌ను నేను ప్రశ్నలు అడిగాను. ఫోటో ఎక్కడ, ఎప్పుడు, వెనకున్న గుండ్లేవి. టకటకా చెప్పాడు. తర్వాత సర్కారు వకీలు లేచాడు. చేతిలో ఐదో ఫ్రేము.

"ఒకే తారీఖు, రెండు తండాలు, ఇద్దరు ముసలమ్మలు. ఇద్దరి మీదా ఒకే చెద్దరు, ఒకే మాసిక. రెండు ఫోటోలూ ఒకేచోట తీసి, ఇప్పుడు కేసు కోసం ఒకటి జంటగుండ్ల దగ్గరిది అంటున్నారు. అవునా?"

బార్‌లోని వకీళ్ళంతా అక్కడే ఉన్నారు. సార్ బోను కర్ర పట్టుకున్నాడు. మరిచిపోయానని ఒక్క మాట అంటే పరువు దక్కుతుంది, సీతాబాయి చేను పోతుంది.

సార్ మెజిస్ట్రేట్ గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైంది" అన్నాడు.

ముద్దాయిల వరసలో సీతాబాయి తలూపింది. ఇప్పుడు అసలు ముచ్చట చెబుతాడని ఆ హాల్లో ఆమెకూ తావుర్యాకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఆ యేడు నా తాన ఉన్నయే ఇరవై చెద్దర్లు. పంచాయితీ సమితి ఎలక్షన్ల నిలబడాలనుకున్న. మూడు తండల్ల పంచినట్టు పేరు కావాలె. జంటగుండ్ల కాడ కప్పినం, ఫోటో తీసినం, మల్ల గుంజుకొని జీపుల ఏసుకొని పక్క తండకు పోయినం. గా రుక్కవ్వ చెద్దరు నా చేతులతోనే తీసిన. జొన్న మోళ్ళల్ల చెప్పు దిగబడితె పడబోయిన, ఆమెనే పట్టుకున్నది. అడవి లేదు సార్ అక్కడ. చేనే ఉండె. గది నాకు యాదికున్నట్టు ఎవ్వలకు యాదికుండది."

సర్కారు వకీలు ఐదో ఫ్రేము బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. వెనక బెంచీలో ఎవరూ నవ్వలేదు.

సార్ దిగి వస్తుంటే సీతాబాయి చెంబు తీసి నీళ్ళిచ్చింది. ఆయన నిలబడి మొత్తం తాగాడు.

4 జూన్, సోమవారం

గెలిచాం! గెలిచాం! గెలిచాం!

తొమ్మిదిమందీ నిర్దోషులు. 1969 నాటికే అది సాగులో ఉన్న చేను అని తీర్పులో రాశారు. సార్ సాక్ష్యం గురించి ఒక వాక్యం ఉంది: తన పరువుకు నష్టమని తెలిసి చెప్పిన మాట గనుక నమ్మదగినదని. కందకం లేదు, నీలగిరి లేదు.

కోర్టు ముందు తండా ఆడవాళ్ళు చేతులు పట్టుకుని చిందేశారు, నన్నూ లాగారు. నల్లకోటుతోనే ఆడాను. మెజిస్ట్రేట్ గారు కిటికీలోంచి చూశారట, చూడనీ.

ఇవాళ పొద్దున లక్ష్మీకాంతన్న తెల్లదారం కట్టను అన్నిటికంటే పైన పెట్టాడు. నేనేమీ చెప్పలేదు.

9 జూన్

మిరుగం నిన్న. ఇవాళ వాన. సీతాబాయి విత్తనం వేసి ఉంటుంది.

అన్నయ్య ఉత్తరం ఈ డైరీలో పేజీ గుర్తుకు పెట్టుకునే కాగితంగా పనికొస్తోంది.

16 డిసెంబరు, ఆదివారం

ఈ ఏడు చెద్దర్లకు ఫోటోగ్రాఫర్ వద్దన్నాడు సార్. సీతాబాయి ఒప్పుకోలేదు. పోయిన వారం ఆఫీసుకొచ్చి మరీ చెప్పింది: "ఫోటో తియ్యాలె సారూ. చేను మొత్తం వచ్చేటట్టు తియ్యాలె. మల్ల ఎవడన్న అడవి అంటె సూపియ్యాలె గద!"

అందుకని ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఈసారి చెద్దర్లు తండాలో ఎంతమంది ఉన్నారో అన్ని. సార్ ముందుగా రుక్కి దగ్గరికి పోయాడు. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి చేనులో నిలబెట్టారు ఆమెను. వెనక చొప్పకట్టలు, వాటి పైన గుండ్లు. సార్ భుజాల చుట్టూ చెద్దరు కప్పాడు. కొత్తది, మందంగా ఉంది. నన్ను కూడా పక్కన నిలబెట్టారు.

"అయిపోయింది" అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఆ మాట వినగానే రుక్కి చెద్దరు భుజాల మీది నుంచి తీసింది. తడుముకుంటూ నాలుగు మడతలు పెట్టింది. పెట్టి, రెండు చేతులతో సార్ వైపు చాచింది.

సార్ దాన్ని అందుకున్నాడు. మడతలు విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. మళ్ళీ ఆమెకు కప్పి, కొంగులు రెండూ ఆమె చేతుల్లో పెట్టి, ఆ చేతులు పట్టుకుని ఉండిపోయాడు.

"గిది నీదే అవ్వా" అన్నాడు. "ఇగ ఎవ్వలు తీస్కపోరు."

రుక్కి కాలి కింద మోళ్ళను పాదంతో తడిమింది. "చేను?" అంది.

"చేను గూడ నీదే" అన్నాను నేను.